పొగ ఆగిన ఏడు

"మీరేం గింజలు తెచ్చిన్రు ఆంటీ?"

బల్ల వెనక నిలబడ్డ అమ్మాయి నవ్వుతూ అడిగింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌లో చెట్ల నీడన బల్లలు వేసి, వాటి మీద గాజు సీసాల్లో, కాగితం పొట్లాల్లో గింజలు పెట్టారు. వచ్చినవాళ్ళంతా మిద్దె తోటలు పెంచేవాళ్ళు, ఊరి బయట కొంచెం నేల కొనుక్కుని కూరగాయలు పండించుకునేవాళ్ళు. తమ దగ్గర మిగిలిన గింజలు తెచ్చి, లేనివి పట్టుకుపోతారట. ఈ సంగతి నాకు గ్రంథాలయం నోటీసు బోర్డు మీద కనబడింది. పేపర్ల గదిలోకి వెళ్ళబోతూ చదివి, అక్కడే నిలబడి ఇంకోసారి చదివాను.

ఆదివారం కదా, దారిలో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం కొన్నాను. నా సంచిలో ఆ పుస్తకం, గొడుగు, నీళ్ళ సీసా ఉన్నాయి. గింజలు లేవు.

"ఏం తేలేదమ్మా. చూసిపోదామని వచ్చిన."

"పర్వాలే ఆంటీ. చూడండి, నచ్చినయ్ తీసుకోండి."

ఆ అమ్మాయి మామూలుగానే అంది. నేనే చేతులు కొంగు చాటుకు తెచ్చుకున్నాను. గింజల దగ్గరికి ఉత్త చేతులతో పోవద్దని మా బాపమ్మ అనేది.

బల్లలన్నీ తిరిగాను. బీర, కాకర, బుడమకాయ, రకరకాల వంగ, నేనెప్పుడూ చూడని టమాటాలు. ఒక్కో సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటుంటే పక్కన ఒకాయన వింతగా చూశాడు. నేను దేనికోసం వాసన చూస్తున్నానో నాకూ వెంటనే తెలియలేదు. పొగ కోసం. నా చిన్నతనంలో విత్తనం అంటే పొగ వాసన.

మేం ఉండే వాడ నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది. నడుమ వాకిలి, చుట్టూ పెంకుటి గదులు, అందరికీ కలిపి ఒకటే నల్లా. గదులన్నీ ఒకామెవి. అందరూ ఆమెను ఓనరమ్మ అనేవాళ్ళు. తాతల నాటి నుంచీ పట్నంలో ఉన్న కుటుంబం. ఆమె తెలుగులో సగం ఉర్దూ ఉండేది. కిరాయికి ఉన్న మేమంతా తలా ఒక ఊరి నుంచి వచ్చినవాళ్ళం. మగవాళ్ళు ఆబిడ్స్ దుకాణాల్లోనో, స్టేషన్లోనో, ఏదో ఒక ఆఫీసులోనో పనిచేసేవాళ్ళు. మా బాపు, అంటే నాన్న, ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. రోజంతా చీరలు విప్పి, మళ్ళీ మడతపెట్టి ఇంటికి వచ్చేవాడు. అన్నం కలిపి నాకు ముద్ద పెడితే ఆ వేళ్ళకు కొత్త బట్టల గంజి వాసన ఉండేది.

ఊరు వదిలినా ఆడవాళ్ళు మట్టిని వదల్లేదు. పగిలిన కుండ, డాల్డా డబ్బా, గోడ వారన జానెడు నేల, ఏది దొరికితే దాంట్లో ఏదో ఒకటి పెట్టేవాళ్ళు. మా గది ముందు బాపమ్మ చిక్కుడు పాదు ఉండేది. బాపమ్మ అంటే బాపు వాళ్ళ అమ్మ. ఆ తీగ తాడు పట్టుకుని పెంకుల మీదికి ఎక్కి, చలి తగిలాక పూసేది. ఊదారంగు పూలు. కాయ అంచున కూడా ఊదా గీత. లోపలి గింజ ఎర్రన, మీద నల్లని చుక్కలు, ఒక పక్క తెల్లని గీత. ఆ కాయలు నువ్వుల పొడి వేసి వండితే, ప్లాట్‌ఫారం మీద ఆగిన రైల్లోవాళ్ళు దిగి మన ఇంటికి వస్తారని బాపు అనేవాడు.

ఆ గింజలు బాపమ్మకు అత్తగారింట్లో దొరికినవి. కొత్త కోడలుగా గడప దాటినప్పుడు అత్త ఆమె ఒడిలో పోసిందట. "నా పెండ్లికి పెట్టిన సొమ్ములల్ల ఇయ్యే మిగిలినయ్" అనేది.

ఏటా ఎండిన కాయలు ఒలిచి, గింజల్ని సొరకాయ బుర్రలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పొయ్యికి సరిగ్గా పైన దూలానికి కొట్టిన మేకుకు వేలాడదీసేది. కింద కట్టెల పొయ్యి. పొద్దున, సాయంత్రం ఆ బుర్రకు పొగ తగిలి తగిలి, బయట తారు పూసినట్టు నల్లగా మెరిసేది. వాడలో మిగతావాళ్ళు గింజల్లో బూడిద కలిపి డబ్బాల్లో దాచేవాళ్ళు. బాపమ్మకు అది చులకన.

"బూడిద పొయ్యి ఎలగని ఇంటోళ్ళకు. నా పొయ్యి ఎన్నడు ఆరింది?" అనేది.

మిరుగం వచ్చిందంటే మా వాడకు పండుగ. మృగశిర కార్తె మొదటి రోజన్నమాట. ఆ రోజు ఉబ్బసానికి చేప మందు వేస్తారు కాబట్టి ఊళ్ళ నుంచి జనం రైళ్ళ నిండా వచ్చి నాంపల్లిలో దిగేవాళ్ళు. ఇప్పుడు ఎగ్జిబిషన్ గ్రౌండ్లో వేస్తున్నారు గాని, అప్పుడు పాతబస్తీకి పోవాలి. మందుకు వచ్చిన చుట్టాలు ముందు మా వాడలో ఆగి, కాళ్ళు కడుక్కుని, ఇంత తిని పోయేవాళ్ళు. పొద్దున్నే బాపమ్మ ఇంగువ, బెల్లం కలిపి నూరి, ఉండలు చేసి అందరి నోళ్ళలో పెట్టేది. నేను బుగ్గన దాచుకుని నల్లా దగ్గర ఉమ్మేస్తే వీపు మీద ఒకటి పడేది. మధ్యాహ్నానికి ఓనరమ్మ ఇంట్లో తప్ప అన్ని గదుల్లోనూ చేపల పులుసు ఉడికేది. చింతపండు, మెంతులు, కట్టెల పొగ, తొలి వానకు తడిసిన మట్టి, అన్నీ కలిసి ఒకే వాసనగా వాకిట్లో నిలిచి ఉండేవి.

తిన్నాక ఆడవాళ్ళు చాటలు పట్టుకుని వాకిట్లో గుండ్రంగా కూర్చునేవాళ్ళు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కొంగు ముళ్ళు విప్పి గింజలు పోసేవాళ్ళు. ఓనరమ్మకు మోకాళ్ళ నొప్పులు, అందుకని ఆమె ఒక్కతే కుర్చీలో కూర్చునేది. చాట మాత్రం ఆమె ఒళ్ళోనూ ఉండేది.

ఆ కూర్చోవడానికి ఒక పద్ధతి ఉంది. గింజల్ని 'ఇయ్యి' అని అడగకూడదు. 'మీ ఇంట్ల ఏం మిగిలినయ్' అని అడగాలి. లెక్కపెట్టి ఇవ్వకూడదు, పిడికిలితో పోయాలి. ఉత్త చాటతో ఎవరూ కూర్చోకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. గింజ తీసుకున్నవాళ్ళు తొలి కాత ఇచ్చినవాళ్ళ ఇంటికి తీసుకుపోవాలి. అప్పుడు ఇచ్చినామెకు తన గింజ ఎక్కడ బతికి ఉందో తెలుస్తుంది. తన పాదు చచ్చిపోతే ఎవరి గడపకు పోవాలో తెలుస్తుంది.

గింజలతో పాటు మాటలూ చేతులు మారేవి.

"ఏమే, నువ్విచ్చిన కాకర ఏమో గని, ఒక్క ముక్క తిని మా ఆయన రెండు దినాలు నాతోని మాట్లాడలే. గంత చేదు."

"మంచిదే గదనే. ఇంకో పిడికెడు పట్టుకపో. దసరాదాక మాట్లాడడు."

"అరె, జర మెల్లగ. పిల్లలున్నరు" అనేది ఓనరమ్మ. అందరికంటే ఎక్కువ నవ్వేది ఆమే.

ఆ సందట్లో నా పని దొంగతనం. బాపమ్మ చాటలోంచి చిక్కుడు గింజలు గుప్పెడు తీసి గౌను జేబులో వేసుకుని, ఓనరమ్మ మనుమరాలి దగ్గరికి పరుగెత్తేదాన్ని. వామనగుంటలు ఆడటానికి చింతగింజలకన్నా అవి బాగుండేవి. నున్నగా, బరువుగా ఉండేవి, గుంటలో పడితే చప్పుడు అందంగా ఉండేది. ఆట అయ్యాక కొన్ని మురుగునీళ్ళ మోరీలో పడేవి, కొన్ని గోడ పగుళ్ళలో పోయేవి. బాపమ్మ పట్టుకున్న రోజు చెవి మెలిపెట్టేది.

"విత్తనం మీద చెయ్యేస్తవా పోరీ? నీకు ఆటనా అది?"

మళ్ళీ ఏడు మళ్ళీ తీసేదాన్ని.

బాపమ్మ ఊరు ప్రాజెక్టు కింద మునిగిపోయింది. నీళ్ళు రాకముందు ఒకసారి పోయి చూసి వస్తానని పట్టుబట్టి బాపును తీసుకుపోయింది. తిరిగి వచ్చి, నేరుగా పాదు దగ్గరికి పోయి నీళ్ళు పోసింది.  బాపు అమ్మతో మెల్లగా అన్నాడు, ఇంటి పెంకులు జనం అప్పటికే ఎత్తుకుపోయారని, గోడల నడుమ నిలబడితే ఆకాశం కనబడిందని.

ఆ తర్వాతి మిరుగానికి బాపమ్మ చాటలో బీర గింజలున్నాయి, కొన్ని గోంగూర గింజలున్నాయి. చిక్కుడు లేదు.

"పెద్దమ్మా, మీ ఇంట్ల ఎర్ర చిక్కుడు మిగల్లేదా?" అని కాకర ఇచ్చినామె అడిగింది. ఆమె పాదు ఆ ఎండాకాలం ఎండిపోయింది.

"లేదు. ఈసారి కాత తక్కువ" అంది బాపమ్మ.

కాత తక్కువ కాదని అందరూ చూశారు. పాదు వాళ్ళ కళ్ళ ముందే పెంకులన్నీ కప్పింది. కాకరామె ఊరుకోలేదు. "ఉన్నోళ్ళకే ఉండనియ్ తియ్. సచ్చెటప్పుడు మూట కట్టుకపోతరు" అంది. బాపమ్మ చాట తీసుకుని లేచి లోపలికి వచ్చేసింది. దూలానికి వేలాడుతున్న నిండు బుర్రను చేత్తో తడిమి చూసుకుంది.

"ఊరు పోయింది. ఇల్లు పోయింది. ఇది ఒక్కటే ఉన్నది నాకు. ఎట్ల పంచాలె?" అని అమ్మతో అంది. 

అదే రోజు నా చేత తన తల మీద ఒట్టు పెట్టించుకుంది. ఇకమీదట ఆ గింజలు ముట్టనని. ఆమె తల మీద జుట్టు పలచగా, వెచ్చగా ఉంది. నాకు భయం వేసింది. ఒట్టు తప్పితే తల పగిలిపోతుందని మా వాడ పిల్లల నమ్మకం.

ఆ చలికాలం పాదు విరగకాసింది. శివరాత్రి నాటికి ఎండిన తీగ పీకేసి, కొత్త గింజలు ఎండబెట్టి, పాతవి పక్కింటి మేకకు పెట్టించి, బుర్ర నిండా కొత్తవి పోసింది. అన్నీ ఆ ఒక్క బుర్రలోనే. తరువాత ఉగాదికి బాపు గ్యాస్ పొయ్యి తెచ్చాడు.

మా వాడలో అదే మొదటి గ్యాస్ పొయ్యి. చూడటానికి అన్ని గదులవాళ్ళూ వచ్చారు. అందరిలోకీ సంబరం బాపమ్మది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. అమ్మకు ఏళ్ళ తరబడి పొగకు కళ్ళు ఎర్రబడి, నీళ్ళు కారేవి. దవాఖానాలో చుక్కల మందు రాసిచ్చి, పొగకు దూరంగా ఉండమన్నారు. మూడు గజాల గదిలో ఎంత దూరం పోతుంది?

"ఇగ నా కోడలి కండ్లు బాగైతయ్" అని బాపమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

పాత మట్టి పొయ్యి తవ్వి తీసేసి, అదే చోట బండ వేసి, దాని మీద గ్యాస్ పొయ్యి పెట్టారు. గోడలకు సున్నం వేశారు. సున్నం వేసేటప్పుడు దించిన బుర్రను బాపమ్మే తుడిచి, మళ్ళీ అదే మేకుకు తగిలించింది. ఎప్పుడూ ఉండే చోటే. కింద మంట ఉంది. మంట ఉన్నా పొగ ఉండదని ఎవరికీ తోచలేదు. ఆమెకు తోచలేదు, అమ్మకు తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు చూసిన మంటలన్నిటికీ పొగ ఉంది మరి.

మిరుగం ఇంకా కొన్నాళ్ళుందనగా బాపమ్మ బుర్ర దించింది. అప్పుడు నేను పక్కనే కూర్చుని బలపం తింటున్నాను. గుడ్డ విప్పగానే చిన్న చిన్న గోధుమరంగు పురుగులు ఆమె చేతి మీదికి పాకాయి. చాటలో గుమ్మరించింది. గింజలకన్నా పొడి ఎక్కువ పడింది. ప్రతి గింజకూ గుండ్రని రంధ్రం. వేలితో నొక్కితే పెంకు చిట్లిపోయేది.

బాపమ్మ చాట చెరిగింది. పొడి ఎగిరిపోయింది. డొల్లలు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. అమ్మ గడపలో నిలబడింది. చేతిలో బియ్యం కడిగిన గిన్నె అలాగే ఉంది. అమ్మ కళ్ళు బుర్ర మీది నుంచి మేకు మీదికి, మేకు మీది నుంచి పొయ్యి మీదికి పోయాయి. అప్పుడు అర్థమైంది ఆమెకు.

చాలాసేపటికి బాపమ్మ నన్ను పిలిచింది.

"ఇటు రా బిడ్డా."

దగ్గరికి పోతే ఒళ్ళోకి లాక్కుంది.

"నిజం చెప్పు. నిన్నేమన. ఈ ఏడు నా గింజలు దొంగిలించినవా?"

"లేదు బాపమ్మా."

"భయపడకు. కొట్ట. ఓనరమ్మ మనుమరాలితోని ఆడెతందుకు రెండన్న తీసినవా? ఎండల పోసినప్పుడు?"

"లేదు. ఒట్టు పెట్టిన గద."

"ఒట్టు నేనే తీసేస్తున్న. తీసినవంటే చెప్పు బిడ్డా. యాడ దాచినవో చెప్పు."

నా గడ్డం పట్టుకుని మొహంలోకి చూస్తోంది. నేను దొంగనైతే బాగుండునని ఆమె కోరుకుంటోందని నాకు తెలిసిపోయింది. ఆ వయసులో కూడా తెలిసింది. ఏడుపు వచ్చింది. అబద్ధం చెబుదామంటే చూపించడానికి గింజ ఉండాలి కదా. ఏటా తీసినదాన్ని, ఆ ఒక్క ఏడే మాట విన్నాను.

"తియ్యలే బాపమ్మా."

ఆమె నా తల నిమిరింది. "మంచి పిల్లవు" అంది. ఆ మాట ఆమె నోట అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.

అయినా ఓనరమ్మ మనుమరాలి ఆటపెట్టె తెచ్చి కుమ్మరించి చూశాను. చింతగింజలు, గవ్వలు, ఒక సోడా మూత. పాత ఏళ్ళ చిక్కుడు గింజలు ఎప్పుడో మోరీ పాలయ్యాయి. మేకకు పెట్టించిన పాతవి అది అప్పుడే తినేసింది.

వాడలో ఇంకెవరి దగ్గరా ఆ గింజ మిగల్లేదు. మర్నాడు బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని కాచిగూడ బయలుదేరింది. ఇంతకుముందు మా వాడలోనే ఉండి, అటు మారిన ఒక అత్త ఉంది. ఊరు మునగకముందు బాపమ్మ దగ్గర గింజలు తీసుకుంది, తొలి కాత తెచ్చి ఇచ్చింది కూడా. ఆబిడ్స్ మీదుగా, సుల్తాన్ బజార్ లోంచి నడిచాం. గాజుల దుకాణాల ముందు బాపమ్మ నన్ను ఆగనివ్వలేదు. దారంతా తనలో తానే ఏదో అనుకుంటూ నడిచింది. ఒకచోట నాతో అంది, "గుప్పెడు చాలు బిడ్డా. గుప్పెడు దొరికితే రెండేండ్లల్ల వాడకంత పంచుత. ఎవ్వలనంటే వాళ్ళకు పంచుత."

అత్త స్టేషన్ దగ్గర ఒక లాడ్జి వెనక గదిలో ఉండేది. మమ్మల్ని చూసి సంతోషపడింది. ఉల్లిగడ్డ పకోడీలు తెప్పించింది. బాపమ్మ పకోడీ ముట్టకుండా అడిగింది.

"మీ ఇంట్ల చిక్కుడు ఏమన్న మిగిలినయా?"

అత్త మొహం మారింది. "అయ్యో పెద్దమ్మా. లాడ్జోళ్ళు నీళ్ళ ట్యాంకు కట్టిన్రు గద. పాదు పీకేసిన్రు. గింజ దాయలే నేను. నీ దగ్గర ఉంటది తియ్, నువ్వుండంగ నాకేం ఫికర్ అనుకున్న."

బాపమ్మ తల ఊపింది. "ఔ. నేను గూడ గట్లనే అనుకున్న. నేనున్న గద అని."

పకోడీ నా చేతిలో పెట్టి, తను నీళ్ళు తాగి లేచింది.

ఇక మిగిలింది మిరుగం రోజే. ఆ రోజు తెల్లవారగానే నన్ను తీసుకుని స్టేషన్ ముందుకు పోయింది. రైలు వచ్చినప్పుడల్లా జనం బయటికి వచ్చేవాళ్ళు. దమ్ముతో ఆయాసపడే ముసలివాళ్ళు, తల్లుల భుజాల మీద ఎగపోస్తున్న పిల్లలు, సంచులు, దుప్పట్లు. వాళ్ళు పాతబస్తీకి రిక్షాలు మాట్లాడుకుంటుంటే బాపమ్మ అడ్డం పోయి అడిగేది.

"ఏ దిక్కు బిడ్డా మీది? మీ దిక్కు ఎర్ర చిక్కుడు ఉన్నదా? నల్ల చుక్కలుంటయ్. ఊదా పువ్వు పూస్తది."

కొందరు లేదనేవాళ్ళు. కొందరు బిచ్చం అడుగుతోందనుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. ఎండ ఎక్కాక ఆమె ఊరివాడే ఒకతను కనబడ్డాడు. ఆమెను గుర్తుపట్టి కాళ్ళకు మొక్కాడు. ఊరు మునిగాక అందరికీ గుట్ట మీద కాలనీ ఇచ్చారట.

"చిక్కుడా అవ్వా? గాడ మొరం నేల. తాగెతందుకే నీళ్ళు లెవ్వు. ఎవ్వలు ఏం పెట్టలే."

"ఎవ్వల దగ్గర లేదా? పెద్దింటోళ్ళ దగ్గర?"

"ఊరిడిసినప్పుడు గింజలెవ్వలు కట్టుకున్నరు అవ్వా? తలుపులు, దూలాలు కట్టుకున్నరు."

బాపమ్మ అతని దమ్ము ఎలా ఉందని అడిగింది. మందు వేసుకున్నాక మూడు గంటలు ఏమీ తినవద్దని జాగ్రత్త చెప్పింది. రిక్షా పోయేదాకా నిలబడి చూసింది.

ఆ మధ్యాహ్నం వాకిట్లో చాటలు చేరాయి. బాపమ్మ గదిలోనే కూర్చుంది. ఉత్త చాటతో పోకూడదు. కాసేపటికి ఓనరమ్మ గొంతు వినిపించింది.

"అవ్వా, బయటికి రా. నీ జాగ ఖాళీగున్నది."

రెండోసారి పిలిచాక బాపమ్మ ఖాళీ బుర్ర పట్టుకుని పోయి కూర్చుంది.  ముందుగా కాకరామె లేచింది. పోయిన ఏడు మూట కట్టుకుపోతారన్నామె. ఒక పిడికెడు కాకర గింజలు బుర్రలో పోసింది. తర్వాత ఇంకొకామె బీర పోసింది. ఇంకొకామె తన చిక్కుడే పోసింది, తెల్ల గింజ. ఎండిన బుర్రలో గింజలు పడే చప్పుడు తప్ప వాకిట్లో ఏమీ వినబడలేదు.

"బదులుకు నా దగ్గర ఏం లేదు" అంది బాపమ్మ.

"ఇన్నేండ్లు ఇచ్చినవ్. జర తీసుకునుడు గూడ నేర్చుకో" అంది ఓనరమ్మ.

ఆ రోజుల్లో అమ్మ గ్యాస్ వెలిగించడం మానేసింది. ఎక్కడి నుంచో కుంపటి తెచ్చి, బొగ్గులు రాజేసి, దాని మీద వండటం మొదలుపెట్టింది. గదంతా మళ్ళీ పొగ. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఊదేది. పొగకో, ఏడుపుకో తెలిసేది కాదు. రెండు మూడు రోజులు చూసి బాపమ్మ లేచి, కుంపటి మీద నీళ్ళు చల్లింది.

"ఎలిగియ్యి బిడ్డా నీ పొయ్యి. నీ కండ్లు మండంగ నాకు చిక్కుడెందుకు?"

"నేనన్న చూసుకోవాలె గద అత్తమ్మా. రోజు దాని కిందనే నిలవడితి."

"నేను తగిలిచ్చిన. నువ్వేం జేస్తవ్."

ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

వాడవాళ్ళు ఇచ్చిన గింజలన్నీ అమ్మే నాటింది. బాపమ్మ మాత్రం తన పాత పాదు ఉన్నచోట మట్టి పెళ్ళగించి, ఆ డొల్లలు నాటింది. నేను చూస్తూనే ఉన్నాను. పద్ధతిగా, వేలితో గుంట చేసి, గింజ పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో అద్దింది. పుచ్చిన గింజ మొలవదని ఆమెకు తెలియక కాదు. రోజూ పొద్దున చెంబెడు నీళ్ళు పోసేది. అమ్మ బియ్యం కడిగిన నీళ్ళు కూడా అక్కడే తెచ్చి పోసేది. వాడలో ఎవరూ అదేమిటని అడగలేదు. పిల్లలం ఆడుతూ ఆడుతూ ఆ చోటు తప్పించి పరుగెత్తేవాళ్ళం. దసరా దాటి చలి తగిలింది. చిక్కుడు పూసే రోజులు వచ్చాయి. ఒక పొద్దున బాపమ్మ చెంబు నల్లా దగ్గరే వదిలేసి లోపలికి వచ్చి పడుకుంది. ఆ తర్వాత నీళ్ళు పోయలేదు. మళ్ళీ మిరుగానికి ఆమె లేదు.

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. ఆ తర్వాత ఆబిడ్స్ దుకాణాలకు చీర ఫాల్స్ కుట్టి ఇచ్చేదాన్ని. కుట్టింది ఇచ్చి వచ్చే దారిలో గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో అక్కడి ఉద్యోగులు నన్ను అడిగేవాళ్ళు. ఒకనాడు వ్యవసాయం పుస్తకం ఒకటి తిరగేస్తుంటే చిక్కుడు గింజను తినే పురుగు బొమ్మ కనబడింది. గోధుమరంగుది. నా బాపమ్మ చేతి మీద పాకినదే. అది తీగ మీద ఉండగానే కాయ మీద గుడ్డు పెడుతుందట. పురుగు గింజతో పాటే ఇంట్లోకి వస్తుంది. పొగ తగిలితే అది పెరగదు.

ఆ పేజీ ఒక కాగితం మీద రాసుకుని ఇంటికి పరుగెత్తాను. అమ్మ అప్పటికి పెద్దదైపోయింది. చూపు బాగానే ఉండేది, గ్యాస్ పొయ్యి పుణ్యమే. చదివి వినిపించాను.

"అయితే పురుగు ముందటి నుంచే దాంట్ల ఉన్నదన్నట్టు" అంది.

"ఔనమ్మా. పొయ్యి తేలేదు పురుగును."

అమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.

"ఆమె ఉన్నప్పుడు చదివితే బాగుండు గద బిడ్డా" అంది.

ఇప్పుడు ఆ వాడ లేదు. అక్కడ లాడ్జి కట్టారు. కింద బండ్లు నిలిపే జాగా ఉంది. మా గది ఎక్కడ ఉండేదో స్టేషన్ గోడ గుర్తుతో పోల్చుకుంటాను. బుర్ర ఏమైందో తెలియదు.

పబ్లిక్ గార్డెన్‌లో చివరి బల్ల మీద ఒక సీసాలో ఎర్రని చిక్కుడు గింజలు కనబడ్డాయి. మీద నల్లని చుక్కలు.  బల్ల వెనక ఉన్నామెను అడిగాను.

"మా అమ్మమ్మవండీ. ఖైరతాబాద్‌ల ఇంటెనక పెట్టేటోళ్ళు. ఎక్కడియో మాకు తెల్వదు."

చేతిలో పోసుకుని చూశాను. అవేనా? తెల్లని గీత ఉంది. చుక్కలు ఇలాగే ఉండేవా, ఇంకొంచెం పెద్దవా? ఎన్ని వందలసార్లు వామనగుంటల్లో వేసిన గింజలు. ఎంత చూసినా చెప్పలేకపోయాను. బాపమ్మ అయితే చీకట్లో తడిమి చెప్పేది.

"బదులుకు నా దగ్గర ఏం లేదమ్మా" అన్నాను.

"అయ్యో, దానికేంది ఆంటీ" అంటూ ఆమె పిడికెడు నా కొంగులో పోసింది. లెక్కపెట్టలేదు.

మేడ మీద పెద్ద తొట్టిలో పెట్టాను. అన్నీ మొలిచాయి. తీగ పిట్టగోడ అంతా పాకింది. చలి తగలడం కోసం బాపమ్మలాగే ఎదురుచూశాను. ఒక పొద్దున మొగ్గ విచ్చింది. తెల్ల పువ్వు. రెండోదీ తెలుపే. ఇంకో నాలుగు రోజులు చూశాను. పాదంతా తెల్లగా పూసింది.

ఎవరూ లేని ఆ మేడ మీద కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి నీళ్ళు పోశాను. తొలి కాత కోసి, సంచిలో వేసుకుని, ఆమె ఇల్లు కనుక్కుంటూ ఖైరతాబాద్ పోయి ఇచ్చివచ్చాను. తన గింజ ఎక్కడ బతికి ఉందో ఆమెకు తెలియాలి కదా. ఎందుకు తెచ్చానో ఆమెకు మొదట అర్థం కాలేదు. చెబితే విని, నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

ఈ ఏడు మిరుగం తర్వాతి ఆదివారం మళ్ళీ పబ్లిక్ గార్డెన్‌లో బల్లలు వేశారు. నేను చాటలో నా చిక్కుడు గింజలు పోసుకుని తీసుకుపోయాను. సీసాల నడుమ చాటను చూసి అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఎవరితోనో మాట్లాడి ఇటు తిరిగేసరికి, పాలపళ్ళు ఊడిన ఒక పిల్ల నా చాటలోంచి గింజలు గుప్పెడు తీసి గౌను జేబులో వేసుకుంటోంది. వాళ్ళమ్మ చూసి చెయ్యి పట్టుకుంది.

"ఏందే అది? పెట్టు. ఆంటీకి సారీ చెప్పు."

పిల్ల నా వైపు చూసింది. జేబు మీద చెయ్యి తీయలేదు.

"తీసుకపోనియ్యమ్మా. ఎక్కడన్న ఉండనియ్" అన్నాను.